హకీం సాబ్, డాక్టర్ సాబ్: వాడిపోని దోస్తీ

పొద్దున్నే మేము బడికి బయలుదేరే వేళకు గోదావరిఖని వీధుల్లో రెండు రకాల రాత్రి షిఫ్టుల వారు ఎదురవుతారు. బొగ్గుబాయి దిగి వచ్చేవారు కొందరు, ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చేవారు మరికొందరు. ఈ రెండో వరుసలో మన ముస్లిం ఇళ్ల పిల్లలూ ఉన్నారు. నర్సులు, కాంపౌండర్లు, వార్డుబాయిలు, డాక్టర్లు. రాత్రంతా ఇతరుల బాధ చూసి వచ్చిన కళ్లవి. రోగి గోడు వినేది వీరు. మరి వీరి గోడు వినేదెవరు? ఈ ప్రశ్న మనసులో మెదిలినప్పుడల్లా మాకు డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ జీవితం గుర్తుకు వస్తుంది.

అన్సారీ 1880లో నేటి ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా యూసుఫ్‌పూర్‌లో జన్మించారు. ఆయన అన్నలు యునానీ హకీములు. కుటుంబం హైదరాబాదుకు తరలివచ్చింది. ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, నిజాం ప్రభుత్వ ఉపకార వేతనంతో బ్రిటన్ వెళ్లారు. అక్కడ ఎం.డి., ఎం.ఎస్. పట్టాలు పొంది, లండన్‌లోని లాక్ ఆస్పత్రిలోనూ, చేరింగ్ క్రాస్ ఆస్పత్రిలోనూ పనిచేశారు. భారతీయుడికి అటువంటి ఉద్యోగం దక్కడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. అయినా 1910లో స్వదేశానికి తిరిగివచ్చి ఢిల్లీలో వైద్యం మొదలుపెట్టారు.

ఆ ఢిల్లీలో అప్పటికే వైద్యానికి మరో పేరు హకీం అజ్మల్ ఖాన్. తరతరాల హకీముల వంశం ఆయనది. అన్సారీ కంటే పన్నెండేళ్లు పెద్దవారు. ఒకరిది నాడి పట్టి చూసే విద్య, మరొకరిది కత్తి పట్టే విద్య. ఇంగ్లీషు డాక్టర్లు యునానీని చులకన చేస్తున్న కాలమది. ఒకే ఊరిలో, ఒకే వృత్తిలో పేరుమోసిన ఇద్దరి నడుమ పోటీ, అసూయ పుట్టడానికి అంతకంటే ఏం కావాలి? కానీ వారి మధ్య పుట్టింది దోస్తీ. హకీం సాబ్ తన తిబ్బియా కాలేజీలో పాత విద్యతో పాటు కొత్త శాస్త్రానికీ చోటిచ్చారు. హకీముల ఇంట పెరిగిన డాక్టర్ సాబ్‌కు ఆ పాత విద్య విలువ తెలుసు.

1912లో బాల్కన్ యుద్ధం వచ్చింది. టర్కీ సైనికులు గాయాలతో అల్లాడుతున్నారన్న కబురు అందింది. మౌలానా ముహమ్మద్ అలీ తన పత్రిక ద్వారా విరాళాలు కోరారు. ఆ ఏడాది డిసెంబరులో అన్సారీ నాయకత్వాన వైద్య బృందం బొంబాయిలో ఓడ ఎక్కింది. అందులో డాక్టర్లే కాక అలీగఢ్ విద్యార్థులూ ఉన్నారు. కట్లు కట్టడం, క్షతగాత్రులను మోయడం వారి పని. పరాయి దేశం, చలి, పరాయి భాష. ఒకరికొకరు తోడుగా నిలిచి, 1913 జూలైలో తిరిగి వచ్చారు.

1920లో అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. హకీం సాబ్ దానికి తొలి కులపతి అయ్యారు. ఖిలాఫత్ ఉద్యమం చల్లారాక నిధులు ఆగిపోయాయి. ఆ కష్టకాలంలో, 1925లో, ఈ మిత్రులిద్దరూ భారం మోసి జామియాను ఢిల్లీకి తెచ్చారు. ఖర్చులో చాలా భాగం హకీం సాబ్ వైద్యంలో సంపాదించిన సొమ్మే.

1927 డిసెంబరు చివరి వారంలో అన్సారీ మద్రాసు కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. అదే నెల 29న హకీం సాబ్ కన్నుమూశారు. జామియా అనాథ అయింది. ఇక్కడే అసలు పరీక్ష. మిత్రుడు పోతే కన్నీరు కార్చి ఊరుకునేవారు ఎందరో. అన్సారీ మాత్రం ఆ మిత్రుడి బరువును తన భుజానికి ఎత్తుకున్నారు. 1928లో కులపతి పదవి స్వీకరించి, తుదిశ్వాస దాకా దాన్ని వదలలేదు. హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్, ఆయన సహచరులు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా 20 ఏళ్లు పనిచేస్తామని ప్రతిజ్ఞ చేశారు. జామియా నిలిచింది.

ఆయన దోస్తీలన్నీ నిలిచాయని చెప్పలేము. టర్కీ ప్రయాణానికి అండగా నిలిచిన ముహమ్మద్ అలీతో 1928లో నెహ్రూ కమిటీ నివేదిక విషయంలో దారులు వేరయ్యాయి. ఒకే ఉద్దేశంతో నడిచినవారి మధ్య కూడా అభిప్రాయ భేదం వస్తుంది. ఆ బాధనూ ఆయన మోశారు, రోగులను చూడడం మానలేదు. చివరికి ఆరోగ్యం దెబ్బతిన్నది. 1936 మే 10న ముస్సోరీ నుంచి ఢిల్లీ వస్తూ రైల్లోనే మరణించారు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్లే. మిత్రుడి అమానత్‌గా కాపాడిన ఆ జామియా నేలలోనే ఆయన సమాధి ఉంది.

సోదరులారా, సోదరీమణులారా! నేడు రామగుండంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మన బిడ్డలు ఈ వృత్తిలోకి ఇంకా వస్తారు. వారికి పుస్తకాలు, ఫీజులు సమకూర్చితే సరిపోదు. మంచి తోటివారిని వెతుక్కోవడం కూడా నేర్పాలి. తోటి నర్సు ఇంట్లో జ్వరం ఉంటే ఆమె డ్యూటీ తాను తీసుకునే మనిషి, పండుగ పూట ఒకరి బదులు మరొకరు నిలిచే మనిషి, కళ్ల ముందు రోగి పోయిన రాత్రి పక్కన కూర్చుని మౌనంగా చాయ్ తాగే మనిషి, విన్న మాటను నాలుగు వీధుల్లో చాటకుండా అమానత్‌గా దాచుకునే మనిషి. అటువంటి ఒక్కరున్నా చాలు, మరునాటి షిఫ్టుకు కాళ్లు కదులుతాయి. ఆ మనిషి మన కౌమువాడే కావాలని లేదు. నమ్మకస్తుడైతే చాలు.

ఇంట్లోవారు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన బిడ్డను గుమ్మంలోనే ప్రశ్నలతో నిలబెట్టకండి. ముందు నీళ్లివ్వండి. తర్వాత వినండి.

రోగుల సేవలో రాత్రులు గడిపే మన బిడ్డలకు అల్లాహ్ ఆరోగ్యాన్నీ, వఫాదారీ గల మిత్రులనూ ప్రసాదించుగాక! ఆమీన్.