వాల్డెమార్ హాఫ్‌కిన్

సూక్ష్మజీవులు నీరు, మట్టి, కీటకాల వంటి వాటి ద్వారా మన శరీరంలోకి ప్రవేశిస్తాయని మీకు తెలుసు. వాటితో జీవితమంతా పోరాడి, తాను చేయని తప్పుకు నింద మోసిన శాస్త్రవేత్త హాఫ్‌కిన్. ఆయన జీవితాన్ని ఈ పాఠంలో చదవండి.

హాఫ్‌కిన్ 1860లో నాటి రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేస్తూ కలరాకు టీకా మందు తయారు చేశారు. 1892 జులై 18న దానిని మొదట తన మీదే ప్రయోగించుకున్నారు.

1893లో ఆయన మన దేశానికి వచ్చారు. ఆనాడు కలకత్తా బస్తీలలో తాగడానికి, స్నానానికి, బట్టలు ఉతకడానికి ఒకే చెరువు నీరు వాడేవారు. రోగి మలంలోని కలరా క్రిములు ఆ నీటిలో కలిసి ఇంటింటికీ చేరేవి. టీకా అంటే జనానికి భయం. హాఫ్‌కిన్ భారతీయ వైద్యులను వెంటబెట్టుకొని బస్తీలు తిరిగి, ఒప్పుకున్నవారికి టీకాలు వేశారు.

1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. హాఫ్‌కిన్ గ్రాంట్ వైద్య కళాశాలలో పని మొదలుపెట్టి, మూడు నెలల్లో టీకా మందు సిద్ధం చేశారు. ప్లేగు క్రిములను పెంచి, వేడితో చంపి ఆ మందు చేసేవారు. చచ్చిన క్రిములు జబ్బు కలిగించలేవు. కాని వాటిని ఎదుర్కోవడం శరీరం నేర్చుకుంటుంది. 1897 జనవరి 10న ఈ టీకాను కూడా ఆయన మొదట తానే వేయించుకున్నారు. ఎలుకల మీది గోమార్ల ద్వారా ప్లేగు వ్యాపిస్తుందని ఆ మరుసటి ఏడాది కరాచీలో సైమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు కనుగొన్నారు.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి ప్లేగు టీకాలు వేశారు. ఈ గ్రామం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఒకే సీసాలోని మందు వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో మరణించారు. మిగతా సీసాల మందు ఎవరికీ హాని చేయలేదు. అయినా తప్పు ప్రయోగశాలదేనని విచారణలో తేల్చారు. హాఫ్‌కిన్ పదవి పోయింది.

అసలు జరిగిందేమిటి? గ్రామంలో ఆ సీసా బిరడా తీసే చిన్న పటకారు నేలమీద పడింది. దానిని సరిగా శుద్ధి చేయకుండానే వాడారు. ధనుర్వాతపు క్రిములు మట్టిలో ఉంటాయని గుర్తుంచుకోండి. సీసాలోకి అవి చేరింది ప్రయోగశాలలో కాదని, టీకాలు వేసినచోటనేనని పలువురు శాస్త్రవేత్తలు వాదించారు. 1897లో సికిందరాబాదులో మలేరియాకు, దోమకు గల సంబంధాన్ని కనుగొన్న రొనాల్డ్ రాస్ వారిలో ఒకరు. చివరికి 1907లో హాఫ్‌కిన్ నిర్దోషి అని ప్రభుత్వం అంగీకరించింది. ఆయన తిరిగి కలకత్తా వచ్చారు. కాని తాను స్థాపించిన బొంబాయి ప్రయోగశాల ఆయనకు మళ్లీ దక్కలేదు. 1915లో మన దేశం విడిచివెళ్లి, 1930లో స్విట్జర్లాండులోని లోసాన్‌లో మరణించారు. బొంబాయిలోని ఆ ప్రయోగశాలకు 1925లో హాఫ్‌కిన్ సంస్థ అని పేరు పెట్టారు.

మందు ఎంత మంచిదైనా, దానిని ఎక్కించే చేయి, పనిముట్టు శుభ్రంగా లేకపోతే ప్రాణం తీస్తుంది. సూది వేయించుకునేటప్పుడు అది కొత్తదో కాదో అడిగి తెలుసుకోండి. అలా అడగడం మీ హక్కు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి
1. చచ్చిన క్రిములతో చేసిన టీకా మనల్ని ఎలా కాపాడుతుంది?
2. కలరా, ప్లేగు, ధనుర్వాతం క్రిములు మనిషిని చేరే మార్గాలలో తేడా ఏమిటి?
3. ముల్కోవాల్‌లో తప్పు ఆ ఒక్క సీసాకే పరిమితమని దేనిని బట్టి చెప్పగలరు?