తప్పిన లెక్క, తప్పని సాక్ష్యం
లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ (1881-1953) ఇంగ్లండుకు చెందిన క్వేకర్ విశ్వాసి. గాలి, పీడనం, తేమల కదలికను సమీకరణాల్లో పెడితే రేపటి వాతావరణాన్ని ముందే లెక్కగట్టవచ్చని నమ్మాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనన్నాడు. ఫ్రాన్సులో అంబులెన్సు నడిపి క్షతగాత్రులను మోస్తూనే, ఆరు గంటల వాతావరణాన్ని చేత్తో లెక్కగట్టాడు. పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని వచ్చింది. నిజానికి అది దాదాపు మారనేలేదు!

1920లో వాతావరణ శాఖ వైమానిక మంత్రిత్వశాఖ కిందికి వెళ్లగానే, మనస్సాక్షి ఒప్పక ఉద్యోగం వదిలేశాడు. తప్పిన లెక్కను మాత్రం దాచలేదు. 1922లో పుస్తకంలో ప్రచురించాడు. ఆయన వేసిన బాటలోనే 1950లో కంప్యూటర్ తొలి అంచనా వేసింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. దాని రాకను ముందే చెప్పిన హెచ్చరికల వెనక ఉన్నవి అలాంటి లెక్కలే. ఓటమిలోనూ నిజం పలికిన విశ్వాసి ప్రయాసను దేవుడు వ్యర్థం కానివ్వడు.