సిడ్నీ లోబ్: ఒకప్పుడు రైల్లో నీళ్లు తెప్పించుకున్న ఊరి దాహం తీర్చాడు.. ఆర్వో వెనకున్న ఇంజినీర్ కథ ఇదీ!

వీధి చివర వాటర్ ప్లాంట్‌కి వెళ్లి 20 లీటర్ల క్యాన్ నింపుకోవడం ఇప్పుడు మామూలే. నల్గొండ ఫ్లోరైడ్ పల్లెల నుంచి కోస్తాలో బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్ల దాకా అందరికీ తెలిసిన మాట ఆర్వో. కానీ దాన్ని పనిలోకి తెచ్చిన సిడ్నీ లోబ్ పేరు మాత్రం చాలామందికి తెలీదు.

1917లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో పుట్టిన లోబ్ కెమికల్ ఇంజినీర్. ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి, నలభై ఏళ్ల వయసులో మళ్లీ చదువుకోవడానికి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరారు. అక్కడ ఆయనకు తోడైంది ఓ భారతీయుడు.. శ్రీనివాస సౌరిరాజన్.

సెల్యులోజ్ అసిటేట్ పొర ఉప్పును ఆపుతుందని అప్పటికే తేలింది. చిక్కల్లా నీళ్లు చుక్క చుక్కగా రావడమే. అలా వస్తే ఊరికి కాదు కదా, ఒక ఇంటికి కూడా చాలవు. ప్రయోగాల్లో ఈ ఇద్దరికీ ఓ వింత కనిపించింది. అదే పొర ఒకవైపు పెడితే ఉప్పును ఆపుతోంది. తిరగేసి పెడితే ఆపట్లేదు! అసలు పని చేస్తోంది ఒకవైపున్న పల్చటి చర్మం లాంటి భాగమేనని అర్థమైంది. దాంతో పైన అతి పల్చటి పొర, కింద రంధ్రాలున్న మందపాటి ఆధారం ఉండేలా కొత్త మెంబ్రేన్ తయారు చేశారు. నీటి ప్రవాహం ఏకంగా పది రెట్ల దాకా పెరిగింది.

అసలు పరీక్ష కాలిఫోర్నియాలోని కోలింగాలో ఎదురైంది. అక్కడ భూగర్భ జలం ఉప్పన. ఒకప్పుడు తాగునీళ్లు రైలు ట్యాంకర్లలో రావాల్సి వచ్చేది. 1965లో లోబ్ బృందం ఆ ఊళ్లోనే ఆర్వో ప్లాంట్ పెట్టింది. రోజుకు దాదాపు 19 వేల లీటర్ల మంచినీళ్లు వచ్చాయి. ఓ ఊరికి ఆర్వో నీళ్లు అందడం ప్రపంచంలో అదే మొదటిసారి.

ఆ తర్వాత లోబ్ ఇజ్రాయెల్ వెళ్లారు. ఎడారిలోని యోత్వాతాలో ఉప్పు నీటిని శుద్ధి చేసే ప్లాంట్ పెట్టారు. బీర్షెబాలో పాఠాలు చెప్పారు. ఉప్పు నీరు, మంచినీరు మధ్య తేడాతో కరెంటు తీసే పద్ధతిపైనా ఆయన పనిచేశారు. 2008లో 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు నదులు, కాలువల ఉప్పు నీటిని నేరుగా ఆర్వోకి పంపరు. బురద, నాచుతో మెంబ్రేన్ మూసుకుపోతుంది. అందుకే చాలాచోట్ల ముందు అల్ట్రాఫిల్ట్రేషన్, తర్వాతే ఆర్వో. పొరలు రెండైనా, ఉప్పును ఆపే ఆఖరి పొరలో ఉన్నది మాత్రం లోబ్, సౌరిరాజన్ పట్టుకున్న ఆ కిటుకే.