కోరని చదువు, కోరుకొన్న అన్వేషణ

హైదరాబాదు నగరంలో పంజగుట్ట, అమీర్‌పేటలకు పొరుగున ఉన్న బేగంపేటలో, పాత విమానాశ్రయానికి సమీపాన ఒక పురాతన భవనం ఉంది. అది సర్ రోనాల్డ్ రాస్ పేరిట వెలసిన పరిశోధన సంస్థ. మలేరియా వ్యాప్తికి దోమయే కారణమన్న సత్యానికి తొలి బలమైన ఆధారం 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలోనే లభించింది. ఆ ఆధారాన్ని కనుగొన్న రాస్ వైద్యవిద్యను తనంతట తాను కోరుకొన్నవాడు కాదు. కళాశాలలో చేరిన తరువాతా, పట్టా పుచ్చుకొన్న తరువాతా, ఉద్యోగంలో ప్రవేశించిన తరువాతా తన మార్గం సరియైనదేనా అన్న సంశయం ఆయనను చాలాకాలం వెన్నాడింది. ఆ సంశయం ఎట్లా తీరిందో తెలిపేదే ఆయన జీవితం.

రోనాల్డ్ రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ సానువుల్లోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి క్యాంప్‌బెల్ రాస్ భారతదేశంలోని బ్రిటిష్ సైన్యంలో ఉన్నతాధికారి. పదిమంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదేళ్ల ప్రాయంలో అతనిని చదువుకోసం ఇంగ్లండుకు పంపించారు. బంధువుల ఇంట పెరిగిన ఆ బాలునికి కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం, గణితం ప్రాణప్రదమైనాయి. పదహారేళ్ల వయసులో చిత్రలేఖన పరీక్షలో ప్రథమస్థానం సంపాదించాడు. చిత్రకారుడుగానో రచయితగానో జీవించాలన్నది అతని ఆకాంక్ష.

తండ్రి ఆలోచన వేరు. కుమారుడు వైద్యుడై భారతదేశంలోని వైద్యసేవా విభాగంలో చేరాలని ఆయన నిశ్చయించాడు. 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రికి చెందిన వైద్య కళాశాలలో రాస్‌ను చేర్పించాడు. రాస్ తండ్రి మాటను కాదనలేదు. అయితే మనసారా ఔననలేదు. తరగతులకు వెళ్లాడు కాని, పాటలకు బాణీలు కట్టడంలోను, పద్యాలు, నాటకాలు రాయడంలోను అధికకాలం గడిపాడు. ఎన్నుకొన్న చదువును విడిచిపెట్టే సాహసమూ లేదు, దానిని అక్కున చేర్చుకొనే ఆసక్తీ లేదు. విద్యార్థి జీవితంలో ఇంతకంటె క్లేశకరమైన స్థితి మరొకటి ఉండదు.

దాని ఫలితం పరీక్షలలో కనిపించింది. శస్త్రచికిత్సకు సంబంధించిన అర్హత లభించింది గాని, వైద్యవృత్తికి అవసరమైన రెండవ పరీక్షలో రాస్ తొలిసారి ఉత్తీర్ణుడు కాలేదు. అట్లాంటిక్ సముద్రంపై ప్రయాణించే ఓడలో వైద్యుడుగా పనిచేస్తూ మళ్లీ చదివి, 1881లో ఆ పరీక్ష నెగ్గాడు. అదే సంవత్సరం భారత వైద్యసేవలో ప్రవేశించాడు. తండ్రి కోరిక నెరవేరింది. కాని కుమారుని మనసు కుదుటపడలేదు.

మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాన్ దీవులలో ఆయన ఉద్యోగం చేశాడు. సైనికుల ఆసుపత్రిలో విధులు ముగిసిన తరువాత మిగిలే సమయమంతా కవిత్వానికి, నవలారచనకు, గణితశాస్త్రానికి వెచ్చించాడు. ఆయన రాసిన నవల ఒకటి 1889లో వెలువడింది. సాహిత్యంలో ఆశించినంత కీర్తి రాలేదు. వైద్యంలో చెప్పుకోదగిన కృషి జరగలేదు. యౌవనం రెండు దారుల నడుమ కరిగిపోతున్నదన్న వేదన మాత్రం మిగిలింది.

అయితే నిరాశలో మునిగిన ఆ రోజులలోనే మార్పుకు బీజాలు పడ్డాయి. 1883లో బెంగుళూరులో తన నివాసాన్ని దోమలు బాధిస్తుండగా, సమీపంలోని నీటి తొట్టెలో వాటి పిల్లపురుగులు పెరుగుతున్నట్లు ఆయన గమనించాడు. నిలువ నీటిని తొలగిస్తే దోమల బెడద తగ్గుతుందని గ్రహించాడు. 1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్లినప్పుడు ఈసారి ఎవరి ప్రోద్బలమూ లేకుండా ప్రజారోగ్యశాస్త్రంలో డిప్లొమా కోసం చదివాడు, సూక్ష్మజీవశాస్త్రం అభ్యసించాడు. ముప్పయి ఏళ్లు దాటిన తరువాత వైద్యశాస్త్రానికి ఆయన నిజమైన విద్యార్థి అయ్యాడు.

ఆ కాలంలో మలేరియా లక్షలాది ప్రజలను బలిగొంటున్నది. చిత్తడినేలల నుండి వచ్చే చెడుగాలి వల్ల ఆ జ్వరం కలుగుతుందని అనేకులు విశ్వసించేవారు. మలేరియా అన్న మాటకు అర్థమే చెడుగాలి. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. రాస్ మొదట దానిని నమ్మలేదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే శాస్త్రవేత్త ఆ జీవిని సూక్ష్మదర్శినిలో చూపించి, అది దోమలలో పెరుగుతూ ఉండవచ్చునన్న తన ఊహను వివరించాడు. రాస్ తన అభిప్రాయాన్ని మార్చుకొన్నాడు. అంతవరకు ఇతరులు అప్పగించిన పని చేసిన వ్యక్తికి తనదైన ప్రశ్న ఒకటి దొరికింది.

1895లో ఆయన సికింద్రాబాదు చేరుకొన్నాడు. రోగులను కుట్టిన దోమలను కోసి పరీక్షించసాగాడు. నెలల తరబడి శోధించినా ఫలితం శూన్యం. ఆయన పరీక్షించిన దోమలు మలేరియాను మోయగల జాతికి చెందినవి కాకపోవడమే అందుకు కారణం. మధ్యలో కలరా నివారణ పనిపై బెంగుళూరు వెళ్లవలసి వచ్చింది. 1897లో నీలగిరి ప్రాంతంలో పరిశోధిస్తూ ఆయనే మలేరియా బారిన పడ్డాడు. కోలుకొని తిరిగి సికింద్రాబాదు వచ్చాడు.

ఆనాటి వేసవి, ఉక్కపోత దుర్భరమైనవి. పంకా వీస్తే దోమలు చెదరిపోతాయని దానిని కూడా వాడలేదు. నుదుటి చెమటతో సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టులో మచ్చల రెక్కలు గల వేరొక జాతి దోమలు ఆయనకు లభించాయి. పిల్లపురుగుల దశనుండి పెంచిన ఆ దోమలను హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ప్రతిఫలం చెల్లించాడు. నాలుగైదు రోజుల తరువాత, ఆగస్టు 20న ఒక దోమ జీర్ణకోశపు గోడలో మునుపెన్నడూ చూడని గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో మలేరియా పరాన్నజీవికి గుర్తయిన నల్లని రేణువులు ఉన్నాయి. మరునాడు మరొక దోమలో అవే కణాలు మరింత పెద్దవిగా గోచరించాయి. పరాన్నజీవి దోమ శరీరంలో పెరుగుతున్నదని రుజువైంది. ఆ సంతోషాన్ని రాస్ కవితగా రచించి భార్యకు పంపించాడు. బాల్యంలో ప్రేమించిన కవిత్వం ఆ విజయ సమయాన ఆయన వెంటే ఉంది.

పరీక్ష అంతటితో ముగియలేదు. సెప్టెంబరులో ఆయనను అక్కడినుండి బదిలీ చేశారు. రాజపుటానాలోని ఖేర్వారాలో మలేరియా రోగులే లేరు. పరిశోధనకు ఆస్కారమే లేదు. మాన్సన్ కృషి ఫలితంగా 1898లో కలకత్తాకు మారే అవకాశం కలిగింది. మనుషులపై ప్రయోగాలు కష్టమైనందువల్ల పక్షులకు వచ్చే మలేరియాను ఎన్నుకొన్నాడు. పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా ఆరోగ్యవంతమైన పక్షికి సంక్రమిస్తుందని ఆ సంవత్సరం జూలైలో నిరూపించాడు. ఆ సంవత్సరమే ఇటలీ శాస్త్రవేత్తలు మానవులలో మలేరియాను అనాఫిలిస్ దోమ వ్యాపింపజేస్తుందని నిర్ధారించారు.

1902లో రాస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. బ్రిటిష్ దేశస్థులలో ఆ బహుమతి పొందిన మొదటివాడు ఆయనే. వ్యాధి వ్యాప్తిని గణిత సూత్రాలతో లెక్కించే పద్ధతికి పునాదులు వేసినవారిలో ఆయన ఒకడు. మలేరియా నివారణపై ఆయన గ్రంథమూ, కవితల సంపుటమూ 1910వ సంవత్సరంలోనే వెలువడ్డాయి. 1932 సెప్టెంబరు 16న ఆయన లండన్‌లో కన్నుమూశాడు. ఏటా ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

ఈ జీవితాన్ని చూసి తండ్రి నిర్ణయమే సరియైనదని చెప్పడం తొందరపాటు అవుతుంది. కుమారుని అభిరుచిని గుర్తించని ఆ నిర్ణయం అతనికి ఎన్నో సంవత్సరాల అశాంతిని మిగిల్చింది. నోబెల్ బహుమతి ఆ అశాంతిని లేనిదానిగా చేయదు. కళాశాలలో చేరిననాడు అది తప్పో ఒప్పో తేల్చి చెప్పగలవారు ఎవరూ లేరు. ఎన్నుకొన్న చదువులో తనదైన ప్రశ్న దొరికిననాడు రాస్‌కు ఆ విచారణ అవసరం లేకపోయింది. అంతేకాదు, వదులుకొన్నాననుకొన్న గణితం, కవిత్వం ఆయనను వీడిపోలేదు. ఒకటి శాస్త్రానికి సాధనమైంది, మరొకటి సంతోషానికి భాషయైంది. చేరిన చదువును గురించి సందేహించడం దోషం కాదు. ఆ సందేహంతోనే కాలాన్ని వెళ్లబుచ్చక, ఆ చదువు తనను ఏమి అడుగుతున్నదో ఒకసారి శ్రద్ధగా వినడం మాత్రం ప్రతి విద్యార్థికి అవసరం. ఆ తరువాత కొనసాగినా, దారి మార్చుకొన్నా, ఆ నిర్ణయం అతని సొంతమవుతుంది.