రబ్బరు తపస్వి – ఛార్లెస్ గుడ్‌ఇయర్

మోటారు పందేలలో కారు వేగాన్ని నిర్ణయించేది ఇంజను ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఎంతటి శక్తిమంతమైన ఇంజనుకైనా, ఎంతటి సమర్థమైన బ్రేకులకైనా నేలతో సంబంధం కల్పించేవి నాలుగు టైర్లు మాత్రమే. సాధారణమైన కారులో ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు ఇంచుమించు ఒక అరచేతి ప్రమాణంలో ఉంటుంది. అందువల్లనే పందెగాండ్రు టైరు ఎంపిక విషయంలో ఎంతో తర్జనభర్జన పడతారు. మెత్తని రబ్బరుతో చేసిన టైరు వేడెక్కినకొద్దీ జిగటబారి బాటను గట్టిగా పట్టుకుంటుంది. కాని త్వరగా అరిగిపోతుంది. గట్టి రబ్బరు టైరు చిరకాలం మన్నుతుంది. కాని వేగంగా మలుపు తిరిగేటప్పుడు జారుతుంది. రబ్బరులోని ఈ మెత్తదనాన్నీ గట్టిదనాన్నీ అవసరానికి తగినట్లు నిర్ణయించుకొనే ఉపాయాన్ని 1839లో కనుగొన్నవాడు అమెరికా దేశస్థుడైన ఛార్లెస్ గుడ్‌ఇయర్. విచిత్రమేమంటే ఆయన మోటారు పందెం చూసి ఎరుగడు. ఆయన జీవించి ఉన్నంతకాలం పెట్రోలు కారు పుట్టనే లేదు. ఆయన పోరాటమంతా రబ్బరులోని జిగటను వదిలించడానికే.

గుడ్‌ఇయర్ 1800 డిసెంబరు 29న కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి అమాసా గుండీలు, వ్యవసాయపు పనిముట్లు తయారుచేయించి అమ్మే వర్తకుడు. యుక్తవయసులో వ్యాపారపు మెలకువలు నేర్చిన ఛార్లెస్ కొంతకాలం తండ్రితో కలిసి పనిచేశాడు. 1824లో క్లారిసా బీచర్‌ను వివాహమాడాడు. 1826లో ఫిలడెల్ఫియా నగరంలో ఇనుపసామాన్ల దుకాణం తెరిచాడు. నాలుగేండ్లు గడిచేసరికి దుకాణం దివాలా తీసింది. అరువుగా ఇచ్చిన సొమ్ము తిరిగి రాలేదు; తెచ్చిన అప్పు తీరే దారి కనిపించలేదు. అప్పు తీర్చలేనివాణ్ణి చెరసాలలో పెట్టడం ఆనాటి చట్టం. ఆ చెరసాల ఆయనకు జీవితాంతం పరిచితమైన స్థలమయింది.

దక్షిణ అమెరికా అడవులలో పెరిగే చెట్ల పాలనుండి రబ్బరు తీసి బంతులు, పాదరక్షలు చేసుకోవడం అక్కడి ఆదిమవాసులకు చిరకాలంగా తెలిసిన విద్య. 1830 తర్వాత అమెరికా వర్తకులకు ఆ పదార్థంపై వ్యామోహం పుట్టింది. నీరు చొరని బూట్లు, కోట్లు తయారుచేసే కర్మాగారాలు వెలిశాయి. అయితే ఆ సరుకు చలికాలంలో రాయిలా బిగుసుకొని పగిలిపోయేది. ఎండాకాలంలో బంకలా కరిగి దుర్గంధం కొట్టేది. 1834లో న్యూయార్కులోని ఒక రబ్బరు కంపెనీ దుకాణంలో గుడ్‌ఇయర్, నీటిలో మునగకుండా కాపాడే గాలి తొడుగు నొకదానిని చూశాడు. దాని గాలిమూతలో లోపం ఉందని గ్రహించి, మెరుగైన మూత నొకటి చేసి తీసుకొనిపోయి చూపించాడు. అక్కడి అధికారి మెచ్చుకున్నాడు గాని, అసలు రహస్యం బయటపెట్టాడు. మూత ఎంత గొప్పదైతేనేం, తొడుగే కరిగిపోతున్నది. వాపసు వచ్చిన సరుకును కంపెనీ గుంటలు తీసి పాతిపెడుతున్నది. ఈ లోపాన్ని సరిదిద్దే బాధ్యత తనదేనని గుడ్‌ఇయర్ ఆ క్షణంలో నిశ్చయించుకున్నాడు. ఆయన రసాయనశాస్త్రం చదివినవాడు కాడు. చేతిలో డబ్బున్నవాడు అంతకన్నా కాడు.

తొలి ప్రయోగాలు చెరసాలలోనే సాగాయి. భార్య తెచ్చి ఇచ్చిన రబ్బరు ముద్దలను అప్పడాల కర్రతో ఒత్తుతూ కాలం గడిపాడు. మెగ్నీషియా పొడి కలిపి చూస్తే రబ్బరు తెల్లగా, పొడిగా కనిపించింది. వేసవి రాగానే మళ్లీ కరిగింది. సున్నపునీటిలో ఉడికించి చూస్తే జిగట పోయింది. కాని ఏదైనా పులుసు బొట్టు పడగానే తిరిగి వచ్చింది. నత్రికామ్లం తగిలిన రబ్బరు పైభాగం నున్నబడడం గమనించి 1837లో ఆ పద్ధతికి పేటెంటు హక్కు సంపాదించాడు. అదే సంవత్సరం దేశంలో తలెత్తిన ఆర్థిక సంక్షోభం ఆయనకు అండగా నిలిచినవారిని ముంచివేసింది. అటు తర్వాత ప్రభుత్వ తపాలాశాఖ 150 సంచులు కావాలని కోరింది. సంచులు చేసి గదిలో వేలాడదీసి ఊరికి వెళ్లి వచ్చిన గుడ్‌ఇయర్‌కు అవి వేడికి సాగి, పిడులనుండి జారిపడి కనిపించాయి. ఆమ్లం పైపొరను మాత్రమే మార్చగలిగింది. లోపలి రబ్బరు ఎప్పటి రబ్బరే.

ఆయన పట్టుదలను కీర్తించేవారు ఆ ఇంటి పస్తుల లెక్క కూడా చెప్పవలసి ఉంటుంది. ఇంటి సామానులు ఒక్కొక్కటిగా తాకట్టుకు పోయాయి. పిల్లల పాఠ్యపుస్తకాలు సైతం అమ్మవలసి వచ్చింది. సంతానంలో పలువురు పసితనంలోనే మరణించారు. క్లారిసా ఏమనుకున్నదో చరిత్ర అంతగా పట్టించుకోలేదు. భర్త వాసన పట్టిన రబ్బరును ఆమె వంటింటి పొయ్యిమీదనే ఉడికించాడన్నది మాత్రం నిజం.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని వోబర్న్‌లో నథానియల్ హేవర్డ్ అనే వ్యక్తి రబ్బరుకు గంధకం కలిపి ఎండలో ఆరబెట్టేవాడు. 1839లో ఆ పద్ధతిపై హక్కు గుడ్‌ఇయర్‌కు దక్కింది. ఆ సంవత్సరంలోనే గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి కాలుతున్న పొయ్యికి తగిలింది. కరిగి కారిపోవలసిన ముక్క తోలులా మాడింది. మాడిన అంచు పక్కన సన్నని పట్టీ మేర రబ్బరు సాగుతూ, జిగట లేకుండా నిలిచింది. రాత్రంతా గడ్డకట్టే చలిలో వేలాడదీసినా అది బిగుసుకుపోలేదు. ఇదంతా కేవలం కాకతాళీయమన్న మాటను గుడ్‌ఇయర్ అంగీకరించలేదు. ఆయన అభ్యంతరం న్యాయమైనదే. అయిదేండ్లుగా దానికోసమే చూస్తున్న కన్ను కాకపోతే, మాడిన ముక్కను చెత్తలో పారవేసి ఉండేది.

పొయ్యిదగ్గర దొరికింది ఆనవాలు మాత్రమే. ఎంత వేడి, ఎంతసేపు అన్న ప్రశ్నలకు సమాధానం దొరకడానికి మరి కొన్నేండ్లు పట్టింది. రొట్టెల పొయ్యిలో, వేడి ఇసుకలో, మరిగే కెటిలు ఆవిరిలో రబ్బరును పరీక్షించాడు. ఒత్తిడితో కూడిన ఆవిరిలో సుమారు 132 డిగ్రీల సెల్సియస్ వద్ద నాలుగునుండి ఆరు గంటలు ఉంచితే రబ్బరు సమంగా పక్వమవుతుందని తేల్చాడు.

దీని వెనుక ఉన్న కారణం ఆ తర్వాతి తరాలవారికి తెలిసింది. రబ్బరు అణువులు పొడవైన దారాలవంటివి. వేడి తగిలినప్పుడు అవి ఒకదానిపై ఒకటి జారిపోతాయి. జిగటకు కారణం అదే. గంధకం ఆ దారాలమధ్య వంతెనలు కడుతుంది. వంతెనలు తక్కువైతే రబ్బరు మెత్తన, ఎక్కువైతే గట్టి. నేటి టైరులో గంధకంతోపాటు మసి, సిలికా, నూనెలు కూడా చేరుతాయి. పందెపు టైరు ఎంచుకొనేవారు తూచుకొనేది ఈ పాళ్ల ఫలితాన్నే. మైదానంలో శంకువులు నిలిపి వాటి నడుమ ఒక్కొక్క కారునే నిమిషంపాటు పరుగెత్తించే ఆటోక్రాస్ పోటీలో టైరుకు వేడెక్కే వ్యవధి ఉండదు. కావున చల్లగా ఉన్నప్పుడే నేలను పట్టే టైరు అక్కడ మేలు. పందెపు బాటమీద ఇరవై నిమిషాలు ఆగకుండా తిప్పేవారికి ఆ టైరే అతిగా వేడెక్కి పట్టు సడలి నిరాశ కలిగిస్తుంది. వారికి వేడిని ఓర్చుకొనే రబ్బరు అవసరం. అమెరికాలో అమ్మే కారు టైరు పక్కభాగంపై అరుగుదల సంఖ్య ముద్రిస్తారు. సంఖ్య తగ్గినకొద్దీ టైరు త్వరగా అరుగుతుందని, సాధారణంగా పట్టు ఎక్కువని అర్థం. అక్కడి ఆటోక్రాస్ పోటీలలో రోడ్డు టైర్ల వర్గానికి 200 కనీస సంఖ్యగా నిర్ణయించారు. ఆ సంఖ్యను నిర్ణయించేది తయారీదారే కావడంవల్ల, ఒక కంపెనీ 200నూ మరొక కంపెనీ 200నూ సమానంగా భావించరాదు.

గుడ్‌ఇయర్‌కు 1844 జూన్ 15న అమెరికాలో పేటెంటు లభించింది. అప్పటికే ఆలస్యం జరిగింది. ఇంగ్లండుకు చేరిన ఆయన నమూనాలను చూసిన థామస్ హాంకాక్ తానుగా ప్రయోగాలు సాగించి, 1843 నవంబరులోనే అక్కడి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఈ ప్రక్రియకు రోమను అగ్నిదేవుడైన వల్కన్ పేరుమీదుగా వల్కనైజేషన్ అన్న పేరు స్థిరపడినది కూడా హాంకాక్ మిత్రునివల్లనే. స్వదేశంలో హక్కులను అతిక్రమించినవారిపై వ్యాజ్యాలు నడిచాయి. 1852లో ట్రెంటన్ న్యాయస్థానంలో సుప్రసిద్ధ న్యాయవాది డేనియల్ వెబ్‌స్టర్ గుడ్‌ఇయర్ పక్షాన వాదించి గెలిపించాడు.

వ్యాజ్యంలో గెలిచినా గుడ్‌ఇయర్‌కు ధనం నిలవలేదు. ప్రయోగాలకు, ప్రదర్శనలకు ధారపోసేవాడు. 1851లో లండను ప్రదర్శనలో, 1855లో పారిస్ ప్రదర్శనలో గోడలు, సామగ్రి సమస్తం రబ్బరుతో చేసిన మందిరాలు అలంకరింపజేశాడు. 1853లో లండనులో క్లారిసా కన్నుమూసింది. పారిస్‌లో అప్పులవాళ్లు ఆయనను క్లిషీ చెరసాలకు పంపగా, ఫ్రెంచి ప్రభుత్వం ప్రసాదించిన గౌరవ పతకం ఆ చెరసాలలోనే ఆయన చేతికందింది. 1860లో జబ్బుపడిన కుమార్తెను చూడడానికి బయలుదేరి న్యూయార్కు చేరేసరికి ఆమె మరణవార్త తెలిసింది. జూలై 1న ఆ నగరంలోనే ఆయన మరణించాడు. అప్పటికి ఆయన పేర మిగిలిన అప్పు సుమారు రెండు లక్షల డాలర్లు.

1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ బెల్‌ఫాస్టులో గాలి టైరు చేశాడు. 1895లో మిషెలిన్ సోదరులు గాలి టైర్ల కారుతో పారిస్–బోర్డో పందెంలో పాల్గొన్నారు. 1898లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఫ్రాంక్ సైబర్లింగ్ ఒక రబ్బరు కంపెనీ స్థాపించి దానికి గుడ్‌ఇయర్ పేరు పెట్టాడు. ఆ కంపెనీలో గుడ్‌ఇయర్ కుటుంబానికి ఏ భాగమూ లేదు. 1965నుండి 1998వరకు ఆ కంపెనీ టైర్లతో పరుగెత్తిన కార్లు 368 ఫార్ములా వన్ పందేలు గెలిచాయి.