మూసీనదిని లెక్కగట్టిన ఇంజనీరు

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు వినని బడిపిల్లవాడు అరుదు. కృష్ణరాజసాగరము, మైసూరు దివానుగిరి, 1955లో వచ్చిన భారతరత్న బిరుదము అందరును చెప్పుకొనునవే. ఈ నెల మేము చెప్పదలచినది అవి కావు. హైదరాబాదులో ఆయన గడిపిన కొద్దినెలల సంగతి, చెరువుల క్రింద సేద్యము చేసికొను మన చదువరులకు ఎక్కువ అక్కరకు వచ్చునని తలంచుచున్నాము.

ఆయన ముద్దేనహళ్ళిలో 1861లో జన్మించిరి. పూర్వులు ఆంధ్రదేశపు మోక్షగుండమునుండి వలసపోయినవారు. చిన్నతనముననే తండ్రి పోగా, పిల్లలకు చదువు చెప్పి తన చదువు సాగించుకొని, పూనాలో ఇంజనీరై, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువులో చేరిరి.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరముమీద పడెను. ఎగువను శంషాబాదువద్ద ఒక్క దినములో 12 అంగుళములకు మించిన వాన కురిసెను. పేటలకు పేటలే కొట్టుకొనిపోయినవి. చనిపోయినవారు సుమారు 15,000 మంది అందురు. అఫ్జల్‌గంజ్ తోటలో ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ తోట ఉన్న చోటనే తరువాత ఉస్మానియా ఆసుపత్రి కట్టబడెను.

అప్పటికి కొలువు విడిచి విదేశములు చూచుచున్న విశ్వేశ్వరయ్యగారిని నిజాము ప్రభుత్వము పిలిపించెను. 1909లో ఆయన వచ్చిరి. నదికిరువైపుల ఎత్తైన గోడ లేపిన చాలునని తలంచుట సులభమే. ఆయన అట్లు తొందరపడలేదు. నెహెమ్యా పాడైన గోడలను తిరిగి చూచిన పిమ్మటనే పనిమాట ఎత్తెనని మనము చదివియున్నాము గదా! ఈయనయు ముందు వానలెక్కలు తెప్పించిరి, ఎగువ ప్రాంతమంతయు కొలిపించిరి.

అప్పుడు తేలిన సంగతియే మా కథకు ప్రాణము. నగరమునకు ఎగువను మూసీకి నీరు వచ్చు నేలలో 780కి పైగా చెరువులుండెను. ఇంచుమించు చదరపు మైలుకొకటి. వాటిలో రెండువందలకు మించి ఆ వానకు తెగిపోయినవి. చెరువు తెగుట ఎట్టిదో గ్రామస్థులకు చెప్పనక్కరలేదు. అలుగు, కొందరు మత్తడి అందురు, దానిలోనుండి పోగలిగినదానికంటె ఎక్కువ నీరు వచ్చినప్పుడు అది కట్టమీదికెక్కును. మట్టికట్ట గంటసేపు నిలువదు. ఆ నీరు క్రింది చెరువుపై పడును, అదియు తెగును. ఇట్లు వాననీటికి చెరువుల నీరు తోడై నగరముమీదికి వచ్చెను. ఎక్కడో పల్లెలో బలహీనమైన కట్టకును, పట్టణపు వీధిలో మునిగిన ఇంటికిని సంబంధమున్నదని లెక్కలతో తేలెను.

ఆయన సూచించిన విరుగుడు ఇది: మూసీమీద ఒకటి, దాని ఉపనదియగు ఈసీమీద ఒకటి, నగరమునకు ఎగువను రెండు పెద్ద జలాశయములు కట్టవలెను. వరద వచ్చినప్పుడు నీటిని అక్కడ ఆపి, నది మోయగలిగినంతే క్రిందికి వదలవలెను. ఒడ్డులు ఎత్తుచేసి తోటలు పెంచుట, నగరమునకు మురుగుకాలువలు ఏర్పరచుట కూడ ఆ సలహాలోనివే. ఆ యేడే ఆయన మైసూరు వెళ్లిపోయిరి. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. మురుగుకాలువల పనికై ఆయన మరల హైదరాబాదు వచ్చిరి. 1962లో, నూరేండ్లు నిండినపిమ్మట, బెంగుళూరులో కన్నుమూసిరి.

ఒక చిక్కు మాత్రము ఆయన తరువాతివారికి మిగిలెను. నిండిన చెరువు ఎవరికైనను కన్నులపండువే, త్రాగునీటికి అది కావలెను. వరదను పట్టుటకు మాత్రము జలాశయములో ఖాళీ ఉండవలెను. ఎంత నింపవలెను, ఎప్పుడు వదలవలెను అను లెక్క వానకాలమంతయు మేలుకొని చూడవలసినది. 2025 సెప్టెంబరు నెలాఖరున రెండింటి గేట్లు ఎత్తగా మూసీ ఒడ్డుననున్న పెద్ద బస్సుస్టేషనులోనికి నీరు వచ్చెను.

చిన్న చెరువుల గతి ఇంతకంటె కష్టము. నగరము పెరిగినకొలది అనేక చెరువుల శిఖములోనికి ఇండ్లు వచ్చినవి, అలుగు కాలువలు పూడినవి. 2020 అక్టోబరు వానలలో పాతబస్తీ ప్రక్కనున్న గుర్రంచెరువు కట్ట తెగి, దాని దిగువ కాలనీల ఇండ్లలోనికి రాత్రివేళ నీరు చొరబడెను.