రహీం సాబ్: స్కూల్ టీచర్ నుంచి ఆసియా గోల్డ్ దాకా... ఆ పాఠం తర్వాత ఏమైంది?

2024 ఏప్రిల్‌లో రంజాన్ పండగకి 'మైదాన్' సినిమా వచ్చింది. సయ్యద్ అబ్దుల్ రహీం అనే పేరు మన ఇళ్లలో చాలామంది పిల్లలు అప్పుడే మొదటిసారి విన్నారు. ఆయన నిజంగా మన హైదరాబాద్ వాళ్లేనా అని అడిగిన పిల్లలూ ఉన్నారు. అవును, మన ఊరి వాళ్లే. 1909 ఆగస్టు 17న ఇక్కడే పుట్టారు. ఉస్మానియాలో బీఏ చదివారు. చేసిన ఉద్యోగం స్కూల్ టీచర్.

ఆసియా గోల్డ్ మెడల్ సంగతి సినిమా పుణ్యమా అని అందరికీ తెలిసింది. కానీ రహీం సాబ్ చేసిన అసలు పని మెడల్‌కి ముందుది. అది పిల్లల్ని తయారుచేయడం. అదే పనిని వేరే దేశాలు ఎలా చేశాయి, మనం ఎలా చేశాం అని పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆయన విలువ తెలుస్తుంది, మనం పోగొట్టుకున్నదీ తెలుస్తుంది.

క్లాస్‌రూమ్ నుంచి గ్రౌండ్‌కి

కాచిగూడ మిడిల్ స్కూల్‌లో, ఉర్దూ షరీఫ్ స్కూల్‌లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్‌లో, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లో రహీం సాబ్ పాఠాలు చెప్పారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. తర్వాత స్కూళ్లలో ఆటల బాధ్యత ఆయనకే అప్పగించారు. ఉస్మానియా జట్టుకి స్వయంగా ఆడిన మనిషి కాబట్టి ఆట లోతు తెలుసు. టీచర్ కాబట్టి పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పడమూ తెలుసు. ఈ రెండూ ఒక్కరిలో ఉండటం అరుదు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆ రోజుల్లో మన కుర్రాళ్ల ఆట అంటే బంతి దొరికితే వదలకపోవడమే. ఒక్కడే నలుగురిని దాటుకుని పోవాలి, జనం చప్పట్లు కొట్టాలి. రహీం సాబ్ దీన్ని మార్చాలనుకున్నారు. తిట్టి కాదు, టోర్నమెంట్ పెట్టి. డ్రిబ్లింగ్ చేయకూడదనే రూల్‌తో పోటీలు నడిపారు. బంతి రాగానే ఆలోచించి పక్కవాడికి ఇచ్చేయాలి. బలంలేని కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టారు. కుడికాలి వాటం కుర్రాడు ఎడమకాలు వాడక తప్పదు. ఖర్చులేని పద్ధతులివి. కావాల్సింది ఒక గ్రౌండ్, ఒక బంతి, ఓపికున్న ఒక ఉస్తాద్.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాది నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచారు. డ్యూరాండ్ కప్ నాలుగుసార్లు వచ్చింది. బెంగాల్ క్లబ్బులదే రాజ్యం అనుకునే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. 1956, 1957లో సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌కే వచ్చింది.

హెల్సింకీ దెబ్బ

భారత జట్టు కోచ్‌గా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన మొదటి గోల్డ్ తెచ్చారు. ఫైనల్లో ఇరాన్ మీద 1-0. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో పరిస్థితి తలకిందులైంది. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయాం. మన వాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. పైగా మన దేశంలో మ్యాచ్‌లు తొంభై నిమిషాల కన్నా తక్కువ సేపు జరిగేవి. పూర్తి మ్యాచ్ ఆడే అలవాటే లేదు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు.

రహీం సాబ్ ఆ ఓటమిని దాచుకోలేదు, దాంట్లోంచి నేర్చుకున్నారు. అప్పట్లో యూరప్‌లో హంగేరీ ఆటే ఆట. 1953లో లండన్ వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించిన జట్టు అది. ఆ జట్టు ఒక్కరోజులో పుట్టలేదు. జిమ్మీ హోగన్ అనే ఇంగ్లిష్ కోచ్ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లోనే బుడాపెస్ట్‌లో ఎంటీకే క్లబ్ కుర్రాళ్లకి పాస్‌లతో ఆడే ఆట నేర్పాడు. ఆ పద్ధతి క్లబ్బుల్లో ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్లింది. పుష్కాష్, బోజిక్ ఇద్దరూ కిష్‌పెష్ట్ అనే పేటలో చిన్నప్పుడు పక్కపక్క ఇళ్ల పిల్లలు. ఖాళీ జాగాల్లో ఆడుతూ అక్కడి క్లబ్‌లో పెరిగి దేశానికి ఆడారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ కూడా హంగేరీ వాళ్లలాగా సెంటర్ ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి జరిపి ఆడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనదే అయినా చివరికి 4-1తో ఓడాం. నాలుగో స్థానం వచ్చింది. నాలుగేళ్లలో 10-1 నుంచి ఇక్కడిదాకా వచ్చామన్నమాట. ఆ జట్టులో అజీజ్, నూర్ మొహమ్మద్, జుల్ఫికార్, అహ్మద్ హుసేన్, బలరాం లాంటి మన హైదరాబాద్ కుర్రాళ్లు ఉన్నారు.

ఇద్దరు కుర్రాళ్లు

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్, హంగేరీ ఎదురెదురుగా నిలబడ్డాయి. 2-1తో హంగేరీ గెలిచింది. వాళ్ల గోల్స్‌లో ఒకటి ఫ్లోరియాన్ ఆల్బర్ట్ కొట్టాడు, అప్పటికి పద్దెనిమిదేళ్లే. మన గోల్ తులసీదాస్ బలరాం కొట్టాడు.

ఆల్బర్ట్ బుడాపెస్ట్‌లో ఫెరెంత్స్‌వారోష్ క్లబ్ పిల్లల జట్టులో పెరిగాడు. వయసుకి తగ్గ కోచ్‌లు, వయసుకి తగ్గ మ్యాచ్‌లు. 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడయ్యాడు. బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింటి కుర్రాడు. అతనికి వెనక క్లబ్ అకాడమీ లేదు. స్థానిక మ్యాచ్‌లో రహీం సాబ్ కంట పడ్డాడు. ప్రాక్టీస్‌కి అంతదూరం రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దెకి రహీం సాబే ఇచ్చేవారని బలరాం పెద్దయ్యాక గుర్తుచేసుకున్నారు.

ప్రతిభలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. తేడా ఏంటంటే, ఆల్బర్ట్‌ని ఒక వ్యవస్థ వెతికి పట్టుకుంది. బలరాంని ఒక మనిషి పట్టుకున్నారు. ఆ రోజు ఆ మ్యాచ్‌కి రహీం సాబ్ వెళ్లకపోయి ఉంటే?

జకార్తా, ఆ తర్వాత

1962లో జకార్తా ఆసియా క్రీడలకి బయల్దేరేసరికే ఆయన ఒంట్లో బాగాలేదు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని 3-2తో ఓడించాం. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబర్ 4న ఫైనల్. స్టేడియం నిండా మనకి వ్యతిరేకంగా అరిచే జనం. మళ్లీ అదే కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో గోల్డ్ మనదైంది.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో రహీం సాబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకి యాభై మూడేళ్లే. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇప్పుడు జపాన్ సంగతి చూద్దాం, జకార్తాలో మన చేతిలో ఓడిన దేశం కదా. వాళ్లు 1960లోనే డెట్మార్ క్రామర్ అనే జర్మన్ కోచ్‌ని పిలిపించుకున్నారు. ఆయన చెప్పిన మాట విని 1965లో జాతీయ లీగ్ మొదలుపెట్టారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో బ్రాంజ్ తెచ్చుకున్నారు. క్రామర్ వెళ్లిపోయాక కూడా పని ఆగలేదు. హైస్కూల్ టోర్నమెంట్ ఏటా నడుస్తూనే ఉంది. 1993లో జె-లీగ్ పెట్టినప్పుడు ప్రతి క్లబ్బూ పిల్లల జట్లు నడపాలని షరతు పెట్టారు. 1998లో మొదటిసారి వరల్డ్ కప్ ఆడారు. 2022లో ఖతార్‌లో జర్మనీని, స్పెయిన్‌ని ఓడించారు.

ఫ్రాన్స్ కూడా అంతే. 1970లలో విషీలో కుర్రాళ్ల శిక్షణ కేంద్రం మొదలుపెట్టింది, తర్వాత 1988లో క్లెయిర్‌ఫాంటెన్ వచ్చింది. 1998లో వరల్డ్ కప్ గెలిచింది.

మరి మనం? 1960 తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కి అర్హతే రాలేదు. ఆసియా క్రీడల్లో చివరి మెడల్ 1970 బ్రాంజ్. మన రాష్ట్రం 1965లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, మళ్లీ ఆ కప్పు ఇక్కడికి రాలేదు. రహీం సాబ్ కొడుకు హకీం సాబ్ రోమ్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 2021లో ఆయన, 2023లో బలరాం కూడా వెళ్లిపోయారు. ఆ తరం దాదాపు అయిపోయింది.

జపాన్ వాళ్లకి క్రామర్ విదేశీయుడు. మనకి రహీం సాబ్ సొంత మనిషి, సొంత భాషలో నేర్పిన మనిషి. అయినా వాళ్లు తమ కోచ్ చెప్పింది కాగితం మీద పెట్టి, స్కూళ్లలో, క్లబ్బుల్లో అమలు చేశారు. మనం మన కోచ్‌కి దుఆ చేసి, ఆయన నేర్పింది ఆయనతోనే పోనిచ్చాం. తప్పు ఒక్కరిది అనలేం. నేను చదివిన స్కూల్‌లో గేమ్స్ పీరియడ్ అంటే లెక్కల సార్ వచ్చి పోర్షన్ పూర్తిచేసుకునే పీరియడ్. ఇంట్లో ఎవరూ అదేంటని అడగలేదు. నిజం చెప్పాలంటే సంతోషించారు కూడా.

పిల్లల చదువు పాడవుతుందని తల్లిదండ్రులు భయపడటం సహజమే. కానీ రహీం సాబ్ డిగ్రీ చదివిన టీచర్. చదువునీ ఆటనీ ఆయన ఎప్పుడూ శత్రువులుగా చూడలేదు. డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్ ఏ బస్తీలోనైనా ఈ ఆదివారమే పెట్టొచ్చు, రూపాయి ఖర్చుండదు. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కులతోపాటు గేమ్స్ పీరియడ్ వారానికి ఎన్ని, అవి నిజంగా జరుగుతున్నాయా అని కూడా అడగండి.

అల్లాహ్ ఆయనకి మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.